మాక్రోల కోసం కొన్న కీబోర్డు, రెండున్నరేళ్ల తర్వాత

ఈ కీబోర్డు కొన్నదే మాక్రోల కోసం, అంటే ఒక్క కీ నొక్కితే ఒక లైను మొత్తం టైపు అయ్యే ఏర్పాటు కోసం. ఒకప్పుడు దీంట్లో నలభై దాకా ఉండేవి, ఇవాళ చూసుకుంటే మూడే ఉన్నాయి. మిగతావి ఎందుకు పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నా. కీబోర్డు మీద కోపం మాత్రం లేదు, ఈ ముక్క కొడుతున్నది కూడా దాని మీదే.

48 కీల చిన్నది. నాలుగు వరుసలు, వరుసకి పన్నెండు. కిట్ తెప్పించుకుని నేనే సోల్డరింగ్ చేసుకున్నా. లోపల క్యూఎంకే ఫర్మ్‌వేర్, అంటే ఏ కీ ఏం చేయాలో మనమే రాసుకోగలిగే ఉచిత ప్రోగ్రాం. స్విచ్‌ల గురించి, కీక్యాప్‌ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. నా వాడకం కాస్త వేరు. దీన్ని ఎక్కువగా కంప్యూటర్‌కి కాదు, యూరోర్యాక్‌లో (విడివిడి మాడ్యూళ్లని వైర్లతో కలుపుకునే సింథసైజర్ పెట్టెలో) ఉన్న టెలిటైప్ మాడ్యూల్‌కి తగిలిస్తా. మోనోమ్ వాళ్లు 2015లో తెచ్చిన మాడ్యూల్ అది. దాంతో పని నాబులు తిప్పడం కాదు, టైపు కొట్టడం. "ఎం 500" అని కొట్టి ఎంటర్ నొక్కితే మెట్రో (లోపలి గడియారం) స్క్రిప్టు, అంటే ముందే రాసిపెట్టుకున్న ఆజ్ఞలు, 500 మిల్లీసెకన్లకోసారి నడుస్తుంది, అంటే నిమిషానికి 120 దెబ్బలు. "టీఆర్.పి 1" అంటే ఒకటో అవుట్‌పుట్ నుంచి ఒక ట్రిగర్, అంటే వేరే మాడ్యూల్‌ని మోగించే చిన్న కరెంటు దెబ్బ. ఇవి కాక ఆరేసి లైన్ల స్క్రిప్టులు ఎనిమిది ఉంటాయి. ఎఫ్1 నొక్కితే ఒకటోది, ఎఫ్8 నొక్కితే ఎనిమిదోది నడుస్తుంది.

సంగీతం చేస్తూ టైపు కొట్టడమేంటని నవ్వుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం అదే నచ్చింది. మా ఊళ్లో ఇంటర్ సెలవులొస్తే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పంపేవాళ్లు. పొద్దున ఆరింటి బ్యాచ్, రెమింగ్టన్ మిషను, లోయర్ పరీక్ష పాసయ్యేదాకా వదల్లేదు. ఆ వేళ్లు ఇప్పటికీ కీబోర్డు చూడకుండానే వెళ్తాయి.

మాక్రోల సరదా ఏంటంటే, ఒక్క కీ నొక్కగానే లైను మొత్తం మాడ్యూల్‌కున్న చిన్న తెర మీద దానంతటదే పడిపోయి, ఎంటర్ కూడా అదే కొట్టుకుని, శబ్దం మారిపోతుంది. మొదటి రెండు నెలలు అదో పిచ్చి. పైగా ఒక నిజమైన లాభం ఉంది. టెలిటైప్‌లో సీన్ (దాచుకున్న స్క్రిప్టుల కట్ట) మారిస్తే స్క్రిప్టులన్నీ మారిపోతాయి. మాక్రోలు ఉండేది కీబోర్డులో కాబట్టి ఏ సీన్‌లో ఉన్నా అదే వేలి కింద అదే పని. ఆ ఊపులో ఇద్దరు ముగ్గురు స్నేహితులకి "అన్నీ మాక్రోల్లో పెట్టేయండి" అని సలహా కూడా ఇచ్చా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు.

పోయిన ఏడాది ఒక ఆదివారం జరిగింది ఇది. మా బామ్మర్ది, అతని స్నేహితులు ఇద్దరు వచ్చారు. "ఆ వైర్ల పెట్టె ఏంటో చూపించు బావా" అని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నేను ముందురోజు రాత్రే ఒక తెలివైన పని చేసి ఉన్నా. మాక్రోలో అక్షరానికీ అక్షరానికీ మధ్య 20 మిల్లీసెకన్ల విరామం ఉండేది, ఎవరిదో ఉదాహరణ చూసి పెట్టుకున్నది. అది ఎందుకుందో నాకు తెలీదు. తీసేస్తే చురుగ్గా ఉంటుంది కదా అని తీసేసి, మళ్లీ ఫ్లాష్ చేసి (కీబోర్డులోకి ఎక్కించి), "ఎం 250" కీ నొక్కి చూశా. భేషుగ్గా ఉంది. వెళ్లి పడుకున్నా.

ఆదివారం మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. "ఎం 250" మీద కాసేపు పరిగెత్తించి, ఇక నెమ్మది చేద్దామని "ఎం 500" కీ నొక్కా. డ్రమ్ ఒక్కసారిగా దడదడలాడింది. తెర మీద చూస్తే ఎం 50 అని ఉంది. అంటే సెకనుకి ఇరవై దెబ్బలు. వేలు జారిందేమో అనుకుని మళ్లీ నొక్కా. మళ్లీ ఎం 50. పోనీ బాగా నెమ్మది చేద్దామని "ఎం 1000" కీ నొక్కితే ఇంకా వేగం పెరిగింది. వెయ్యి కాస్తా పది అయి కూర్చుంది. మా బామ్మర్ది తలుపు వైపు చూసి, "పోతరాజు ఎక్కడ బావా?" అన్నాడు.

ఇలాంటి సమయం కోసమే ఒక మూలన ఎర్ర కీక్యాప్ పెట్టుకున్నా. దాని కింద "కిల్" అనే ఆజ్ఞ. మెట్రోతో సహా అన్నీ ఆగిపోతాయి. నొక్కా. ఆగలేదు. ఇంకోసారి నొక్కా. తెర మీద ఏదో తప్పన్నట్టు సందేశం. కె, ఐ, ఎల్ పడ్డాయి, రెండో ఎల్ పడలేదు! అంత మాడ్యూల్ ముందు నిలబడి, నా చేత్తో నేను నాలుగక్షరాలు కొడితే సరిపోయేదని ఆ క్షణంలో తట్టలేదు. లోయర్ పాసైన మనిషిని. ర్యాక్ వెనకాల చెయ్యి పెట్టి పవర్ స్విచ్ ఆపేశా.

రాత్రి కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. తప్పు మాడ్యూల్‌ది కాదు, నాదే. కీ నొక్కడం ఒక కబురు, వదలడం ఇంకో కబురు. రెండు సున్నాలు వెంటవెంటనే వచ్చినప్పుడు, మధ్యలో మొదటి సున్నాని వదిలిన కబురు చేరకపోతే అవతలివైపుకి రెండూ కలిసి ఒకటే సున్నా. నేను ముందురోజు రాత్రి పరీక్షించిన 250లో జంట అక్షరం లేదు, అందుకే పట్టుబడలేదు. 500లో ఉంది, 1000లో ఉంది, ప్రాణం కాపాడాల్సిన కిల్‌లోనూ ఉంది.

సరే, 20 మిల్లీసెకన్లు తిరిగి పెట్టేశా, గొడవ పోయింది. కానీ అప్పటిదాకా గమనించని ఇంకో ముల్లు గుచ్చుకోవడం మొదలుపెట్టింది. "ఎం 500", ఎంటర్ కలిపి ఆరు అక్షరాలు, అంటే 120 మిల్లీసెకన్లు. ఇది ఫరవాలేదు. "ప్రాబ్ 50" అని మొదలుపెట్టి సగంసార్లే ట్రిగర్ పంపే లైను ఎంటర్‌తో కలిపి పదహారు. 320 మిల్లీసెకన్లు! 500 మెట్రోలో సగం దెబ్బ దాటిపోయింది. అదొక్కటే అయితే ముందుగా నొక్కడం అలవాటు చేసుకునేవాణ్ణి. మాక్రో ఆ విరామాలు పాటిస్తున్నంతసేపూ కీబోర్డు ఇంక దేన్నీ పట్టించుకోదు. ఆ మూడో వంతు సెకనులో నేను ఇంకో కీ నొక్కి వదిలేస్తే అది నొక్కనట్టే. ఇది చాలదన్నట్టు, తెర ఎడిట్‌లో ఉన్నప్పుడు పొరపాటున మాక్రో నొక్కితే ఆ లైను పోయి స్క్రిప్టు మధ్యలో పడుతుంది. రెండు మంచి సీన్లు అలా పాడుచేసుకున్నా.

అలా ఒక్కో మాక్రో తీసేస్తూ వచ్చా. పొడుగు లైన్లన్నీ మాడ్యూల్‌లోని స్క్రిప్టుల్లోకి వెళ్లిపోయాయి. ఇక కీబోర్డు చేయాల్సింది ఎఫ్1 నుంచి ఎఫ్8 దాకా పంపడమే. 48 కీల దాంట్లో ఎఫ్ వరుస ఉండదు, లేయర్‌లో (ఇంకో కీతో కలిపితే వచ్చే రెండో అమరికలో) పెట్టుకోవాలి. మొదట స్పేస్‌కే ఆ పని అప్పజెప్పా: తడితే స్పేస్, పట్టుకుంటే లేయర్. తట్టానా పట్టుకున్నానా అని తేల్చుకోవడానికి క్యూఎంకే మామూలుగా 200 మిల్లీసెకన్లు చూస్తుంది. ఉత్తరం రాసుకునేటప్పుడు ఆ 200 ఎవరికీ తెలీదు. తాళంలో తెలుస్తుంది. ఆది తాళం ఎనిమిది దెబ్బల్లో ఒక్కటి అటూఇటూ అయినా చెయ్యి చెప్పేస్తుంది. వాయించే కీకి రెండు పనులు పెట్టకండి, ఈ ఒక్కటి మాత్రం ఎవరికైనా చెప్తా.

ఇప్పుడున్న అమరిక ఇదీ. ఎడమ చేతి ఏ ఎస్ డి ఎఫ్, కుడి చేతి జె కె ఎల్ సెమికోలన్. ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు వేళ్లు పెట్టించిన చోటే. ఆ ఎనిమిదింటికీ నేరుగా ఎఫ్1 నుంచి ఎఫ్8. బొటనవేళ్లు వదిలేస్తే రెండు చేతులకీ కలిపి ఉన్నవి ఎనిమిది వేళ్లు, ఉన్నవి ఎనిమిది స్క్రిప్టులు. అక్షరాలు కావాలంటే పక్కన ఒక కీతో ఇంకో లేయర్‌కి వెళ్తా. మాక్రో లేదు, విరామం లేదు, వేలు పడగానే పలుకుతుంది. రెండున్నరేళ్లలో దీనంత సుఖమిచ్చింది ఇంకోటి లేదు. మూడు నిమిషాల్లో అయిపోయే ఈ మార్పు చేయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నిజం చెప్పాలంటే దీనికి ఈ కీబోర్డే కానక్కర్లేదు, లేయర్లు మార్చుకోగలిగిన ఏ కీబోర్డయినా చేస్తుంది. నాది ముందే కొనేశా కాబట్టి తేడా చూడలేను. ఒక్కటి మాత్రం వేరేది తీసుకోవాల్సింది: స్విచ్‌లు. నేను వాయించేది రాత్రి పదకొండు తర్వాత, హెడ్‌ఫోన్స్‌తో. నాకు సింథ్ వినపడుతుంది, పక్క గదిలో మా ఆవిడకి మాత్రం టకటకలే. రెండుసార్లు లేచొచ్చి చెప్పింది.

టైపు రానివాళ్లకి, నాబు పట్టుకుంటే గానీ తృప్తి లేనివాళ్లకి ఇది పనికొస్తుందా అంటే చెప్పలేను. వి.సి.వి. ర్యాక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఉచితంగా ఒక వారం ఆడుకుని చూడండి, టెలిటైప్ రూపం అక్కడ కూడా దొరుకుతుంది. ఇనుముకి డబ్బు పెట్టడం తర్వాతి సంగతి.

మిగిలిన మూడు మాక్రోల్లో ఒకటి వేగానిది. అది 500 కాదు, 480. నిమిషానికి 125, కాస్త చురుకు, కానీ జంట సున్నాలు లేవు. రెండోది మెట్రోని మళ్లీ మొదలుపెట్టేది. మూడోది ఎర్ర కీక్యాప్ కింద. ఇప్పుడక్కడ కిల్ లేదు, మెట్రోని ఆపే "ఎం.ఏసీటీ 0" ఉంది. అందులో రెండుసార్లు వచ్చే అక్షరం ఒక్కటీ లేదు. లెక్కపెట్టి చూసుకున్నా.