మూడేళ్లుగా నా ఆట యాప్‌ఇమేజ్‌లోనే పంచుతున్నా

యాప్‌ఇమేజ్ అంటే నాకు బాగా ఇష్టం. లైనక్స్‌లో ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా ఒకే ఫైలుగా ఇచ్చే పద్ధతి ఇది. డెబ్ ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే మామూలు రకం ఫైలు) కట్టడం నేర్చుకుంటూ నేర్చుకుంటూ సగంలో వదిలేసింది దీన్ని చూశాకే. నేను రాసిన వామనగుంటల ఆట, దానికి కావాల్సిన ఎస్‌డీఎల్ లైబ్రరీలు (బొమ్మలూ శబ్దాలూ చూసుకునేవి), చింతపిక్కల గలగలలు అన్నీ కలిపి ఒకే ఫైలు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. వద్దనుకుంటే డిలీట్ చేస్తే సరి. ఏ లైనక్స్‌లో అయినా నడుస్తుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. (మా కావలిలో లైనక్స్ వాడేవాళ్లు ఎంతమంది అని అడక్కండి.)

ఆ గొప్ప కాస్తా ఒంగోలు దగ్గర ఒక స్కూల్లో తుస్సుమంది. మా పెదనాన్న కొడుకు అక్కడ లెక్కల మాస్టారు. "పండగ సెలవుల ముందు ఒకరోజు తీసుకురారా, పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు. ల్యాబ్‌లో పదకొండు కంప్యూటర్లు, అన్నీ ఉబుంటు 20.04, అంటే లైనక్స్‌లోనే ఒక రకం, పాత వెర్షన్. నెట్ లేదు. పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసి డబుల్ క్లిక్ కొడితే తెరుచుకోలేదు. ఇది నాకు తెలిసిందే, ఫ్యాట్32 ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ఫైలును ప్రోగ్రామ్‌గా నడపనిచ్చే అనుమతి) నిలవదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి టిక్ పెట్టి మళ్లీ కొట్టాను. ఈసారి ఉలుకూ పలుకూ లేదు. వెనకాల ముప్పై మంది పిల్లలు. "ఏంది సార్, తెరుచుకోట్లా?" అన్నాడొకడు. టెన్షన్‌తో టెర్మినల్లో నడిపితే అప్పుడు నోరు విప్పింది: జీలిబ్‌సీ 2.34 దొరకలేదట.

జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. యాప్‌ఇమేజ్‌లో మామూలుగా అది ఉండదు. ఉప్పూ పప్పూ అన్నీ మూటగట్టుకుని, పొయ్యి అక్కడే ఉంటుందిలే అని బయల్దేరినట్టు. నా ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04, దాంట్లో జీలిబ్‌సీ 2.35. ల్యాబ్‌లో ఉన్నది 2.31. పాతదాని మీద బిల్డ్ చేస్తే కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాంట్లో మొరాయిస్తుంది. తప్పు నాదే. ఎక్కడెక్కడ నడవాలో వాటన్నిటిలో పాతదాని మీద బిల్డ్ చేయమని డాక్యుమెంటేషన్‌లో ముందే రాసుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక సిస్టమ్‌లోకి కంపైలర్, ఎస్‌డీఎల్ దించి, అక్కడే బిల్డ్ చేసి, లైనక్స్‌డిప్లాయ్ అనే టూల్‌తో మళ్లీ యాప్‌ఇమేజ్ ఫైలు కట్టేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పదకొండింటికీ టిక్ పెడుతూ తిరగలేక టార్‌లో (జిప్‌లాంటి మూట ఫైలు) పెట్టిచ్చాను. టార్ విప్పితే పర్మిషన్ అలాగే ఉంటుంది.

ఆ తర్వాత డాకర్‌లో (ఒక సిస్టమ్ లోపలే ఇంకో లైనక్స్‌ని నడిపే టూల్) 20.04 పెట్టుకుని అందులోనే బిల్డ్ చేస్తున్నాను, ఆ గొడవ మళ్లీ రాలేదు. యాప్‌ఇమేజ్ తెరుచుకోడానికి కావాల్సిన లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ 22.04లో ముందే ఉండదన్న తలనొప్పి ఇంకోటి ఉంది గానీ, కొత్త రన్‌టైమ్‌తో (యాప్‌ఇమేజ్‌ని తెరిచే దాని లోపలి భాగం) కడితే ఆ లైబ్రరీ అక్కర్లేదు.

లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు పంచే ఇంకో పద్ధతి ఫ్లాట్‌పాక్ మంచిది కాదా అంటే, నెట్ బాగున్నవాళ్లకు మంచిదే, అప్‌డేట్లు సులువు. 20 ఎంబీ కూడా లేని ఆట కోసం వందల ఎంబీల రన్‌టైమ్ (ఫ్లాట్‌పాక్‌కి కావాల్సిన ఉమ్మడి లైబ్రరీల మూట) దించుకోమని ఆ ల్యాబ్‌వాళ్లకు ఏ మొహంతో చెప్పను? నా ఆటగాళ్లు పెన్‌డ్రైవ్ బాపతు. మీ వాళ్లు అలా కాకపోతే నా మాట పట్టుకోకండి.

యాప్‌ఇమేజ్‌కీ అప్‌డేట్ పద్ధతి ఉంది గానీ నెట్ లేనిచోట ఏం లాభం? ఆ రోజు ఇచ్చిన ఫైల్లో ఒక బగ్ ఉంది, పద్నాలుగో గుంట దాటాక ఖాళీ వస్తే గెలిచిన పిక్కలు రెండుసార్లు లెక్కపడతాయి. నెలలోపే సరిచేసి పంపాను. అన్న పెట్టలేదు. మొన్న వెళ్లి చూస్తే పిల్లలంతా పద్నాలుగో గుంట దాటడానికే ఆడుతున్నారు. కొత్తది పెడతానంటే "వద్దు సార్, ఇదే బాగుంది" అన్నారు.