బెంగళూరు–రాజమండ్రి ఫ్లైట్ బుక్ చేసేవాళ్ళు ముందు పీఎన్ఆర్‌లు ఎన్నున్నాయో చూస్కోండి

మారతహళ్లిలో ఉండే మన గోదావరి జిల్లాల వాళ్ళు ముఖ్యంగా చదవండి, మొన్న నాకు, మా అమ్మకి అయింది ఇంకెవరికీ అవ్వకూడదు.

దూరం ఎంతుందా అని నెట్‌లో చూస్తే దాదాపు 620 కిలోమీటర్లు, ముప్పావుగంట అని చూపించింది. అది గీత గీసినట్టు తిన్నగా కొలిచి, పెద్ద జెట్ స్పీడు గంటకి 800తో భాగించేసిన లెక్కండీ బాబూ, మనూళ్ళకి తరచుగా తిరిగే ఏటీఆర్ (ఫ్యాన్లుండే చిన్న విమానం) గంటకి 500 దాకానే పోతుంది, పైగా టికెట్ మీద టైములో రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళేది కూడా కలిసే ఉంటుంది. సరే, అది నా తెలివితక్కువతనం అనుకోండి.

అసలు దెబ్బ టికెట్‌లో ఉంది. యాప్‌లో వయా హైదరాబాద్ చవగ్గా కనపడింది, రెండు గంటలు గ్యాప్, బానే ఉంది కదా అని కొనేశా. కింద చీమ తలకాయంత అక్షరాల్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉంది, ఎవడు చూస్తాడు. అంటే రెండు వేరే వేరే టికెట్లు, రెండు పీఎన్ఆర్‌లు, హైదరాబాద్‌లో మన బ్యాగు మనమే దించుకుని మళ్ళీ కౌంటర్లో ఇవ్వాలి. దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో బ్యాగుకి ట్యాగ్ కడుతుంటే హైదరాబాద్ అనే ఉంది, రాజమండ్రి కోడ్ ఆర్‌జేఏ లేదు, అప్పుడైనా నోరు తెరిచి అడగాల్సింది.

8 గంటల ఫ్లైట్ గంటా పది నిమిషాలు లేటు. శంషాబాద్‌లో దిగేసరికి 10:20. రెండోది 11 గంటలకి, బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అమ్మ బెల్టు దగ్గర నిలబడి ఎర్ర రిబ్బన్ కట్టిన బ్యాగు కోసం చూస్తానే ఉంది, అది 10:35కి వచ్చింది. వెబ్ చెకిన్ చేశాం కదా అంటే లగేజీ ఉంది కదండీ అన్నారు. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాత ఫ్లైట్‌లో వాళ్ళే ఎక్కించేవాళ్ళు, ఇక్కడ మొదటి వాళ్ళు మిమ్మల్ని హైదరాబాద్ చేర్చాం అంటారు, రెండో వాళ్ళు మీరే రాలేదు అంటారు, యాప్ వాడు ఫోనెత్తడు.

సాయంత్రం ఫ్లైట్‌కి మనిషికి 6,800 పెట్టి కొత్త టికెట్లు. పొద్దున 5కి ఇంట్లో బయల్దేరితే మధురపూడిలో, అదే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, దిగేసరికి సాయంత్రం 6 దాటింది. ఆ పదమూడు గంటల్లో అమ్మ తిన్నది రెండు ఇడ్లీ.

కొనేముందు పీఎన్ఆర్ ఒకటేనా, బ్యాగు రాజమండ్రి దాకా వాళ్ళే వేస్తారా అని తేల్చుకోండి. డైరెక్ట్ అన్నా నమ్మకండి, మధ్యలో ఆగినా ఫ్లైట్ నంబరు మారకపోతే డైరెక్టే అంటారు, నాన్‌స్టాప్ అని ఉందో లేదో చూడండి.

రిటర్న్ కూడా ఇదే యాప్‌లో ఇలాగే బుక్ అయ్యుంది. అమ్మయితే ఇంక విమానం ఊసెత్తద్దంది, ఆదివారానికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తత్కాల్ చూస్తున్నా.