పండ్ల సందుల బ్రష్: రెండున్నరేండ్లు వాడినంక చెప్తున్న

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమాస్తా పని చేస్త. పండ్ల సందులకు పెట్టి తోమే సన్న బ్రష్ ఉంటది కదా, ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటరు, అది వాడవట్టి రెండున్నరేండ్లయింది. నోటి వాసనకు, చిగుర్లకెల్లి వచ్చే నెత్తురుకు నాకు నిజంగ పని చేసింది ఇదే, కానీ ఇదొక్కటి కొనుక్కొచ్చుకుంటే అయిపోదు, అందుకే మొత్తం రాస్తున్న, కొంచెం ఓపికగ చదవండ్రి.

ముందు నా సంగతి. మిర్చి సీజన్ల యార్డు ఘాటుకు తుమ్ములు ఆగకపోయేటియి, ముక్కు ఎప్పుడు దిబ్బడే. మెడికల్ షాపుల అడిగి సెట్రిజిన్ తెచ్చుకొని నాలుగేండ్లు సీజన్ పొడుగూత రోజు రాత్రి ఒకటి ఏస్కున్న. ముక్కు మూస్కపోయి నోటితోని గాలి పీల్చుకుంట పండుడు, పైనుంచి ఆ గోలీ నోట్ల ఉమ్మి ఊరనియ్యదు. తెల్లారి లేస్తే నాలుక అంగిట్లకు అతుక్కొని ఉండేది. యార్డు లొల్లిల రేటు చెప్పాలంటే చెవి దగ్గరికి పోవాలె, నేను పోతే రైతు ఒక అడుగు ఎనుకకు జరిగేటోడు. ఇంట్ల ఆమె ఏమనకపోయేది కానీ అటు మొకం పెట్టి పండుకునేది. నేను మనుషులతోని మాట్లాడుడే తగ్గించిన, ఇది పడ్డోళ్లకే తెలుస్తది.

అప్పుడు నేను చేసిన తప్పు ఏందంటే పుక్కిలించే మందు, క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతంది, ఎవ్వర్ని అడగకుండ మూడు నెల్లు వాడిన. అది డాక్టర్ రాస్తే రెండు వారాల లెక్క వాడే మందు. చాయ్ తాగే నోటికి గోధుమ రంగు మరకలు పట్టినయి, కూరల ఉప్పు ఉన్నదో లేదో తెల్వకపోయేది, వాసన మాత్రం పూటకే మళ్ల వచ్చేది.

హన్మకొండల పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోతే మిల్లీమీటర్ల గీతలున్న సన్న కడ్డీ తీస్కొని చిగురుకు పండుకు నడుమ దింపి ఒక్కో పండు కొలిచింది. 3 దాక వస్తే మంచిగున్నట్టు, నాకు ఎనుక దవడ పండ్ల కాడ 5, 6 వచ్చినయి. ఆ గుంతలల్ల గాలి ఆడదు, గాలి లేని కాడ బతికే క్రిములు లోపల కుళ్లబెట్టి గంధకం వాయువులు పుట్టిస్తయట, మురిగిన కోడిగుడ్డు వాసన అదే. షుగర్ పరీక్ష కూడ రాసింది, ఎందుకంటే షుగర్ ఉంటే చిగుర్లు తొందరగ పాడైతయి, చిగుర్లు పాడైతే షుగర్ కంట్రోల్ చేసుడు కష్టమైతది. నాకు లేదని తేలింది. అమ్మకు ఉన్నది, అమ్మ సంగతి కింద చెప్త.

రెండు సార్లు పిలిచి, మొద్దుబారే సూది ఇచ్చి, చిగురు కిందికెల్లి గార మొత్తం తీసింది. ఇంటికి పోతే అమ్మ ఒకటే లొల్లి, "గార తీపిస్తే పండ్లు కదులుతయి బిడ్డా, ఎందుకు పోయినవ్" అని. నిజంగ కూడ నెల రోజులకు సందులు పెద్దగ కనవడ్డయి, నాకు భయమైంది. మళ్ల పోయి అడిగితే డాక్టరమ్మ చెప్పింది, ఇన్నొద్దులు ఆ సందుల గార నిండి ఉండె, చిగురు వాసి ఉండె, ఇప్పుడు అది తీసేసినం, వాపు దిగింది, ఉన్న సందు బయటపడ్డదని. ఆ సందులకే ఈ బ్రష్ ఇచ్చింది.

ఇగ బ్రష్ గురించి. నేను మొదలు అన్నిటికి ఒకటే సైజు కొన్న, ముందటి పండ్లల్ల దూరక తీగ వంగి విరిగింది. ఒక్కో సందుకు ఒక్కో సైజు ఉంటది, నాకు ముందట 0.4 మిల్లీమీటర్లది, పక్కలకు 0.6, ఎనుక 0.8 పడ్డది. పోనప్పుడు బలవంతంగ తోయొద్దు, చిన్న సైజు తీస్కోవాలె. పేస్టు అక్కర్లేదు, అడ్డంగ పెట్టి మెల్లగ నాలుగైదు సార్లు ఆడిచ్చి కడిగి ఇంకో సందుకు పోవుడే. రాత్రి పండుకునే ముందు నాకు నాలుగు నిమిషాలు పడ్తది. మొదటి వారం ప్రతి సందుకు నెత్తురు వచ్చింది, చాలా మంది ఇక్కడనే ఆపేస్తరు, ఆపకండ్రి, రెండో వారం దాటినంక నాకు తగ్గుకుంట వచ్చి ఆగిపోయింది. ఎనుక సందుల పెట్టి తీసినంక ఆ బ్రష్ ఒకసారి వాసన చూడండ్రి, మన నోటి సంగతి మనకు ఇంకెవ్వరు చెప్పనక్కర్లేదు. మూడు నెల్లకు మళ్ల కొలిస్తే 5, 6 ఉన్న కాడ 3, 4 వచ్చినయి. ఒక్క మాట, లోతు గుంతల ఈ బ్రష్ అడుగుదాక పోదు, ముందు క్లీనింగ్ చేయించకుండ ఇది వాడితే సగం పనే.

నాలుకకు స్టీల్ బద్ద, ఎనుకకెల్లి ముందుకు మెల్లగ, అంతే.

నోరు ఎండుడు మాత్రం బ్రష్షులతోని పోలే. ముక్కు డాక్టర్ సెట్రిజిన్ మాన్పించి ముక్కుల కొట్టే స్ప్రే రాసిండు, యార్డుల మాస్కు పెట్టుకుంటున్న, రాత్రి నోరు మూస్కొని నిద్ర పడ్తంది. నీళ్లు గుక్క గుక్క తాగుడు, చక్కెర లేని జైలిటాల్ బబుల్‌గమ్ నమలుడు అలవాటైంది. నోరు ఎండేటోళ్లు చక్కెర పూత సోంపు నములుతరు, అది వద్దు, ఉమ్మి లేని నోట్ల చక్కెర పండ్లను తినేస్తది. యార్డుల నా తోటోళ్లు సిగరెట్ తాగుతరు, మాకు నెత్తురు రాదు మాది మంచిగనే ఉన్నదంటరు. పొగాకుతోని చిగుర్లల్ల నెత్తురు పారుడు తగ్గుతది కాబట్టి రోగమున్నా బయటికి కనవడదు, ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పిన్నో.

కష్టాలు కూడ ఉన్నయి. ప్యాకెట్‌కు 200 నుంచి 300 అయితంది, వెంట్రుకలు వంగంగనే మార్చాలె, నాకు ఒక్కో బ్రష్ వారం పది రోజులొస్తది. 0.4 సైజు మా దిక్కు షాపులల్ల దొరకదు, ఆన్‌లైన్‌లనే. సల్లనీళ్లు తాగితే ఇప్పటికి జిల్లుమంటది. మేడారం పోయినప్పుడు నాలుగు రోజులు వదిలేస్తే వచ్చినంక మళ్ల నెత్తురు కనవడ్డది.

అమ్మను పోయిన దసరా అయినంక ఒప్పించి తీస్కపోయిన. కింది పండ్లు రెండు అప్పటికే కదులుతున్నయి, నిలుస్తయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నది డాక్టరమ్మ. అమ్మకు చేతులు వణుకుతయి, సందులు పెద్దయి, అన్నిట్ల పెద్ద సైజు పడ్డది. రాత్రి బువ్వ తిన్నంక మంచం మీద లైటు కింద కూసుంటది, నేనే పెడ్త.