ఆదోనిలో ఆరో తరగతికి ఏది మేలు: మున్సిపల్ హైస్కూలా, వీధి చివరి ఇంగ్లీష్ మీడియమా?

మే నెలాఖరుకల్లా మా వీధిలో ఆడవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "అక్కా, పాపను ఆరో తరగతికి యాడ చేర్పించేది?" సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్తాను కాబట్టి నన్ను అడుగుతారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది జిన్నింగ్ మిల్లుకో, పత్తి యార్డుకో కూలికి పోయేవాళ్లే. రెండేళ్ల కింద మా చెల్లెలి కూతురి విషయంలో ఇదే ప్రశ్న మా ఇంటికే వచ్చింది. ఐదు దాకా ప్రైవేటులో చదివిన పిల్లను మున్సిపల్ హైస్కూల్లో వేశాం. ఎందుకు వేశామో చెప్తాను.

ముందు ప్రైవేటు గురించి. అక్కడ టీచరు రోజూ ఉంటుంది, డైరీలో హోంవర్క్ రాసి పంపుతుంది, పిల్ల ఒకరోజు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు. కూలి చేసుకునే తల్లికి ఇది చిన్న ధైర్యం కాదు. మున్సిపల్ స్కూల్లో అయ్యవార్లు డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) రాసి వచ్చినవాళ్లు, చదువు ఎక్కువ ఉన్నవాళ్లు. కానీ బదిలీ మీద లెక్కల సార్ వెళ్లిపోతే ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉండటం కళ్లారా చూశాను. ఆ నెలల్లో పిల్లలు పోగొట్టుకున్న భిన్నాలూ దశాంశాలూ తొమ్మిదికొచ్చాక కూడా పూడవు.

ఇక చదువు. నా దగ్గరికి కొత్తగా వచ్చిన ఏ పిల్లకైనా రెండో తరగతి తెలుగు పాఠం ఇచ్చి చదవమంటాను. మున్సిపల్ బడి పిల్లల్లో కొందరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. ప్రైవేటు పిల్లలు ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్తారు, అర్థం అడిగితే నేల చూస్తారు. మా పాప కూడా అంతే. 'ఫోటోసింథసిస్' స్పెల్లింగ్ తప్పులేకుండా రాసేది, ఆకు పచ్చగా ఎందుకుంటుందంటే చెప్పలేకపోయేది. ఎక్కడ చదివినా సాయంత్రం ఒక గంట ఎవరో ఒకరు పక్కన కూర్చోవాల్సిందే. అందుకే చదువును బట్టి ఈ రెండింట్లో ఒకటి గొప్పదని నేను చెప్పలేను.

నాకు ముఖ్యం అనిపించేది వేరే. ఇంట్లో చేతులాడని నెలల్లో కూడా పిల్ల బడిలో నిలబడుతుందా? మా ఊళ్లో డబ్బు కదిలేది పత్తి దిగాకే, అక్టోబర్ తర్వాతే. ఫీజు కట్టమనేది జూన్‌లో. ఆ నాలుగు నెలలు మిల్లు కూలీల ఇళ్లలో బియ్యానికే అప్పు. పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద ఖాతాలో పడే 13 వేలు ప్రభుత్వ బడికైనా ప్రైవేటు బడికైనా ఒకటే. వచ్చిన రోజే పాత బాకీలకు పోతాయి. మా చెల్లెలు దాచిన ఫీజు కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. జులై గడిలో ఎర్ర ఇంకుతో 'డ్యూ', ఆగస్టులో 'డ్యూ', సెప్టెంబర్‌లో 'డ్యూ'. యూనిట్ టెస్టు రోజు పాపను క్లాసు బయట నిలబెట్టారు. పదేళ్ల పిల్ల ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నాకు జ్వరమొచ్చిందని చెప్పి రేపు కూడా మాన్పించు" అంది. ఆ మాట విన్న రోజే నా మనసు తేలిపోయింది.

మున్సిపల్ బడిలో ఆ ఎర్ర ఇంకు లేదు. మధ్యాహ్నం అన్నం ఉంది, గుడ్డు ఉంది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు బడిలోనే ఇస్తారు. ఇంకో రెండు సంగతులు చాలామంది తల్లులకు తెలియవు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి. ట్రిపుల్ ఐటీ సీట్లకు లెక్క కట్టేటప్పుడు, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో పది చదివిన పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు అందడానికీ అందకపోవడానికీ మధ్య ఒక్కోసారి ఉండే తేడా అంతే.

సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలకు మాత్రం ఈ రెండూ చెప్పను. జనవరిలో ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప కోతలకు పోతే పిల్ల కూడా వెంట పోతుంది. హాజరు 75 శాతం దాటదు, తల్లికి వందనం కూడా పోతుంది. అలాంటి పిల్లలకు హాస్టల్ ఉన్న బడే మేలు. ఆడపిల్ల అయితే కస్తూర్బా విద్యాలయం చూడండి, ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష లేకుండానే తీసుకుంటారు. గురుకులాల్లో ఎక్కువగా చేర్చుకునేది ఐదో తరగతికి, దానికి నాలుగో తరగతిలోనే పరీక్ష రాయించాలి. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లు కూడా ఉన్నాయి, కానీ అవి ఒకటో తరగతికి.

ఒక మాట. బాకీ ఉందని పాత స్కూలు టీసీ ఇవ్వకపోతే భయపడకండి. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లను చేర్చుకోము అనకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మేము టీసీ లేకుండానే పోయాం. హెడ్మాస్టరు గారు ఆధార్ చూసి చేర్చుకున్నారు, టీసీ దసరా తర్వాత తెచ్చిచ్చాం.

పాప ఇప్పుడు ఎనిమిది. లెక్కల పోస్టు ఈసారీ జూన్‌లో ఖాళీగానే ఉంది. అందుకని వాళ్ల క్లాసు పిల్లలు ఏడుగురు సాయంత్రం ఆరింటికి మా వసారాలో కూర్చుని ఎన్‌ఎంఎంఎస్ పాత పేపర్లు చేస్తున్నారు.