పాచిక ఓడినా వెనక్కి వెళ్ళకండి: బాల్డర్స్ గేట్ 3తో 600 గంటలు

ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణీ యాత్ర అనే అమ్మవారి జాతర జరుగుతుంది. మొక్కున్నవాళ్ళు పులివేషమో మరో వేషమో కట్టి వీధుల్లో తిరుగుతారు. చిన్నప్పుడు మా పక్కింటి మామ పులివేషం కడితే, ఆ పూట ‘మామా’ అని పిలిచినా పలికేవాడు కాదు. నేను రాత్రుళ్ళు ఆడేది ఏమిటని అమ్మ అడిగినప్పుడు ఆ వేషమే గుర్తుచేశాను. కాకపోతే ఇక్కడ పులి ఏం మాట్లాడాలో నేనే ఎంచుకోవాలి.

బాల్డర్స్ గేట్ 3 అనే ఈ కంప్యూటర్ గేమ్‌లో మనమే ఒక పాత్రై కథ నడపాలి. ఇది 2023 ఆగస్టులో వచ్చింది. 150 జీబీ ఖాళీ ఉండాలి, అదీ ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కులో. నా పాత కంప్యూటర్‌కి ఎస్ఎస్‌డీ కొనడానికే ఆ ఏడాది చివరిదాకా పట్టింది. ఇప్పటికి 600 గంటలు దాటాయి. ఐదుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ముగించాను. బొమ్మలు, సంగీతం బాగున్నాయని అందరూ చెప్పేశారు కాబట్టి నేను కథ గురించే రాస్తాను. కథ ముందే తెలియకూడదనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

మనం చెప్పబోయే మాట ఎంచుకోగానే తెరమీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఎంత తెలివైన మాటైనా ఒకటి పడిందా, పని చెడినట్టే. మొదటిసారి ఆడినప్పుడు నేను పాచిక పడకముందు ఎఫ్5 నొక్కి సేవ్ చేసుకునేవాణ్ణి. ఓడితే ఎఫ్8, మళ్ళీ వెనక్కి. యాభై గంటలు అలా ఆడాక విసుగొచ్చింది. ఎవరూ నాకు ఎదురు చెప్పరు, ఎవరూ చావరు. చూచిరాతతో ఫస్టు క్లాసు తెచ్చుకున్నట్టుంది.

రెండోసారి వెనక్కి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మొదట్లోనే డ్రూయిడ్లు అనే ప్రకృతి పూజారుల వనంలో అరబెల్లా అనే పిల్ల ఉంటుంది. కొమ్ములూ తోకా ఉండే టీఫ్లింగ్ జాతి. దేవతా విగ్రహం దొంగిలించిందని ఆ పిల్లను పట్టుకుని, పాముని ఎదురుగా నిలబెడతారు. వాళ్ళ నాయకురాలికి నచ్చజెప్పబోయాను, పాచిక ఓడింది. పిల్ల పారిపోబోయింది, పాము కాటేసింది. అప్పడాల పిండి పిసుకుతూ చూస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అదేంట్రా, పిల్లని చంపేశావ్! మొన్న వెనక్కి వెళ్ళేవాడివి కదా, మళ్ళీ వెళ్ళు" అంది. వెళ్ళలేదు. బయటికొచ్చి ఆ తల్లిదండ్రుల ముందు నిలబడాల్సి వచ్చింది. మొదటిసారి ఇదే చోటు ఎలా దాటానో గుర్తే లేదు, ఇది మాత్రం మర్చిపోలేను.

పిల్లని బతికిస్తే కథ రెండో అంకంలో, అంటే రెండో యాక్ట్‌లో, మళ్ళీ కనిపిస్తుంది, అమ్మానాన్నలు తప్పిపోయారని. వెతికితే పాడుబడ్డ వైద్యశాలలో వాళ్ళ శవాలుంటాయి. ఈ సంగతి అమ్మకి చెప్పాను. గేమ్‌లో తెలుగు లేదు, ఒడియా కూడా లేదు, అందుకని ఇంగ్లీషు మాటలన్నీ నేనే తెలుగు చేసి వినిపిస్తాను. "అయినా సరే, బతకాలి" అంది.

ఇంకో చోటు చెప్పాలి. షాడోహార్ట్ అనే మన సహచరి తన దేవత కోసం ఒక బందీని బల్లెంతో పొడవాలి. మనం వద్దనొచ్చు, పొడవమనొచ్చు, ఆమెకే వదిలేయొచ్చు. వదిలేస్తే ఏం జరుగుతుందన్నది అప్పటిదాకా ఆమెతో మనం మెలిగిన తీరును బట్టి ఉంటుంది. నేను వదిలేశాను. ఆమె బల్లెం విసిరేసింది. ఎప్పుడో శిబిరంలో నిప్పు పక్కన చెప్పుకున్న మాటలు ఇక్కడ పనికొచ్చాయన్నమాట.

చెడ్డదారి మాత్రం పేలవం. వనం మీద దాడి చేస్తే మన సహచరులు కార్లాక్, విల్ ఇద్దరూ మనల్ని వదిలిపోతారు. టీఫ్లింగ్‌లతో రావాల్సిన కథలన్నీ పోతాయి. వాటి బదులు దొరికేది తక్కువ. 2024 సెప్టెంబరులో గేమ్‌కి వచ్చిన మార్పుల ప్యాచ్‌లో దుర్మార్గుల ముగింపులకు కొత్త దృశ్యాలు చేర్చారు, కానీ నడుమ దారి అలాగే బోసిగా ఉంది. ఆ ఆట నేను సగంలో ఆపేశాను. మూడో యాక్ట్ నగరంలో పనులు ఎక్కువై కథ చెదిరిపోతుంది. మొదటి యాక్ట్ 2020 అక్టోబరు నుంచే ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మిన రూపంలో, జనం చేతుల్లో నలిగింది. అందుకే అంత నునుపుగా ఉందని నా అనుమానం.

విశాఖలో ఉండే మా బావతో కలిసి ఒకసారి మొదలుపెట్టాను. నేను సంచి సర్దుకుంటుంటే ఆయన వెళ్ళి గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుణ్ణి తిట్టి యుద్ధం తెస్తాడు. కథ కావాలనుకునేవాళ్ళు ఒంటరిగానే ఆడండి.

ఇప్పుడు ఆనర్ మోడ్ అనే కఠినమైన పద్ధతిలో ఆడుతున్నాను. ఒకటే సేవ్, ఓడితే వెనక్కి వెళ్ళే దారి లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు గంటసేపు మోస్తుంది. నిన్న రాత్రి మళ్ళీ ఆ వనంలోకి వెళ్ళాను. పాచిక మూడు పడింది. పొద్దున్న అమ్మ కాఫీ ఇస్తూ, "కొమ్ముల పిల్ల ఎలా ఉందిరా?" అని అడిగింది. ఇంకా అక్కడిదాకా రాలేదమ్మా అన్నాను.