లిఫ్ట్ చేసిన పాత టకోమాకి బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ2 టైర్లు: 265/75 ఆర్16 వేసి రెండేళ్లయ్యాక

మా బండి 2003 టయోటా టకోమా పికప్ ట్రక్కు, వీ6, ఫోర్ వీల్ డ్రైవ్. డాలస్‌లో నేను కొనేటప్పటికే పాత ఓనరు బిల్‌స్టీన్ 5100 షాక్ అబ్జార్బర్లు వేయించి ముందు రెండున్నర అంగుళాలు లేపి ఉంచాడు, టైర్లు మాత్రం అరిగి నున్నగా అయిపోయాయి. ఆస్టిన్‌లో ఉండే మా బావమరిది చూసి, "బావా, లిఫ్ట్ ఎలాగూ ఉంది, 33లు వేసెయ్, ఇంకేం ఆలోచించకు" అన్నాడు. లిఫ్ట్ ఉన్న ప్రతి ట్రక్కు ఓనరుకీ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు. నేనూ నమ్మేసి, 285/75 ఆర్16 టైర్లు (అంటే దాదాపు 33 అంగుళాల ఎత్తువి) ఎక్కించి ఉన్న సెకండ్ హ్యాండ్ వీల్స్ సెట్ తీసుకున్నాను. వీల్ 16 ఇంటూ 9, అంటే 16 అంగుళాల వ్యాసం, 9 అంగుళాల వెడల్పు. ఆఫ్‌సెట్ మైనస్ 12, అంటే వీల్ మధ్య గీత బండికి బిగించే చోటు కంటే 12 మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది.

నేరుగా వెళ్తున్నంతసేపు బ్రహ్మాండంగా ఉంది. ఇంటిముందు స్టీరింగ్ మొత్తం తిప్పి రివర్స్ తీస్తే గర్రుమని చప్పుడు. ఎక్కడ తగులుతోందో చూద్దామని పిల్లల సుద్దముక్క తెచ్చి టైరు అంచు చుట్టూ గట్టిగా రుద్ది, మళ్లీ అటు చివర నుంచి ఇటు చివరకి తిప్పాను. కిందికి వంగి చూస్తే టైరు మీద రెండు వేళ్ల వెడల్పున సుద్ద పోయింది, అది కాస్తా వీల్ వెనకాల, డోరు ముందుండే మడత రేకు మీద తెల్లగా అంటుకుని ఉంది. ఆ మడతని ఇంగ్లీషులో పించ్ వెల్డ్ అంటారు, కత్తి అంచులా ఉంటుంది. టైరు కోసుకుపోవడానికి అది చాలు.

నాకు అప్పుడు అర్థమైంది, లిఫ్ట్ బండిని పైకి లేపుతుంది, అంతే. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు వెనక్కి జరిగి తగిలే చోట లిఫ్ట్ వల్ల జాగా పెరగదు. అక్కడ తేడా తెచ్చేది వీల్ ఆఫ్‌సెట్. ఒక్కసారి లెక్క చూడండి. 16 ఇంటూ 9 మైనస్ 12 వీల్‌నీ, 16 ఇంటూ 8 జీరో ఆఫ్‌సెట్ వీల్‌నీ పక్కపక్కన పెడితే లోపలివైపు రెండూ దాదాపు ఒక్కచోటే ఆగుతాయి. ఎక్కువున్న అంగుళమంతా బయటికే వస్తుంది. టైరు ఎంత బయటికి ఉంటే తిప్పినప్పుడు అంత పెద్ద వలయం తిరుగుతుంది, అంచు రేకుకి తగులుతుంది. పైగా వీల్ బయటికి జరిగినకొద్దీ బాల్ జాయింట్ల మీద, అంటే వీల్‌ని పట్టుకుని తిరగనిచ్చే కీళ్ల మీద, భారం పెరుగుతుంది. 2001 నుంచి 2004 వరకు వచ్చిన టకోమాలకి లోయర్ బాల్ జాయింట్ల మీదే 2005లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) వచ్చింది, కాబట్టి ఈ బండ్లలో అక్కడ అదనపు భారం పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

రేకుని సుత్తితో కొట్టి వంచి 33లే వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పని అనను. నేను మాత్రం ఆ సెట్ అమ్మేసి 16 ఇంటూ 8 జీరో ఆఫ్‌సెట్ వీల్స్, వాటికి బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ2 265/75 ఆర్16 తీసుకున్నాను. ఎత్తు 31.6 అంగుళాలు. మడ్ ఫ్లాప్స్ తీసేసి, లోపలి ప్లాస్టిక్ లైనర్ కొద్దిగా కోశాను, అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) వీలైనంత పెంచమని అడిగాను, దానివల్ల వీల్ కాస్త ముందుకి జరుగుతుంది. మళ్లీ సుద్ద పరీక్ష చేస్తే ఎక్కడా అంటుకోలేదు. ఆ సాయంత్రం కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు.

ఇక టైర్ల సంగతి. టెక్సస్‌లో ఆఫ్ రోడ్ పార్కు బార్న్‌వెల్ మౌంటెన్ ఎర్రమట్టిలో గాలి 18 పీఎస్ఐకి (టైరులో గాలి ఒత్తిడి కొలత) దించి నడిపాను, వానకి తడిసిన ఎక్కుడు దగ్గర కూడా పట్టు వదల్లేదు. పక్క గోడలు (సైడ్ వాల్) చాలా గట్టివి, రాళ్లకి గీసుకున్నా గీత తప్ప ఇంకేం కాలేదు. ఫిబ్రవరి మంచులో బాగా నడిచింది, గడ్డకట్టిన ఐస్ మీద మాత్రం ఏ టైరునీ నమ్మొద్దు. ఐదు వేల మైళ్లకోసారి రొటేషన్ (టైర్ల చోట్లు మార్చడం) చేయిస్తున్నాను, అన్నీ సమానంగా అరుగుతున్నాయి. రోడ్డుకీ మట్టికీ రెండిటికీ చేసిన ఆల్ టెర్రైన్ టైర్లు కాబట్టి హైవే మీద కొంచెం మోత ఉంటుంది, నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఇవి లోడ్ రేంజ్ 'E' (ఎక్కువ బరువు మోసే రకం) టైర్లు, సైడ్ వాల్ మీద 80 పీఎస్ఐ అని ఉంటుంది. అది గరిష్ఠం మాత్రమే, రోజూ అంత పెట్టాలని కాదు. బిగించిన షాపువాళ్లు 50 పెట్టి పంపితే ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసింది. ఇప్పుడు ఖాళీ బండికి 36 పెడుతున్నాను, హాయిగా ఉంది. కంపెనీ సైజు 265/70 కంటే ఇవి పెద్దవి కాబట్టి స్పీడోమీటరు 60 చూపిస్తే నిజానికి 62లో వెళ్తున్నట్టు. మైళ్లు కూడా తక్కువే చూపిస్తుంది, అందుకే మైలేజీ పడిపోయిందని టెన్షన్ పడేముందు ఆ మూడున్నర శాతం కలిపి లెక్క వేసుకోండి. నాకు లెక్కలో గ్యాలన్‌కి 16.5 మైళ్లు వస్తోంది, సరిచేస్తే 17. ముందు 18 ఇచ్చేది.

బయటి కంపెనీ వీల్స్ కొంటే నట్లు కూడా మార్చాలి. టయోటా అల్లాయ్‌కి వాషర్ ఉన్న చదును నట్లు వస్తాయి, బయటివాటికి ఎక్కువగా కోను ఆకారంవి కావాలి, పాతవి బిగిస్తే వదులవుతాయి. 83 ఫుట్ పౌండ్లకి బిగించి, వంద మైళ్ల లోపు మరోసారి చూడండి. టైర్లు నాలుగు కాదు, ఐదు కొనండి. స్పేర్ వేరే సైజుదైతే మట్టిలో ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. నా ఐదోది వెనక బెడ్ కింద పాత చోటే పట్టింది.