కళాయి మీద రాస్తే డాలర్లు: నలుగురూ రాసే సైట్ మేలా, సొంత బ్లాగు మేలా?

ఇత్తడి గిన్నెలో చారు పెడితే రంగు మారింది, అదో రకం వాసనొస్తోంది, తినొచ్చా పారబోయాలా అని మా పెద్దమ్మాయి టెక్సాస్ నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. లోపల కళాయి ఉందో పోయిందో చూడవే అన్నాను. "కళాయి అంటే ఏంటమ్మా?" అంది. తణుకులో పుట్టిన పిల్ల, ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరం మాకు కూతవేటు దూరం, అయినా కళాయి అంటే ఏంటమ్మా అంది! కళాయంటే ఇత్తడి గిన్నె లోపల వేసే తగరం పూత అని, ఆ చారు పారబొయ్యమని చెప్పి, ఆ రాత్రి దానికి వివరించిందంతా మర్నాడు కూర్చుని ఇంగ్లీషులో రాసి, ఎవరైనా చేరి వ్యాసాలు పెట్టుకోగలిగే ఒక సైట్‌లో పెట్టాను. పక్కన యాడ్స్ వాళ్ళే వేస్తారు, వచ్చిందాంట్లో వాటా ఇస్తారు. తర్వాత కొన్నాళ్ళకి తెలుగులో సొంత బ్లాగు కూడా మొదలుపెట్టాను. రెండు చోట్లా డబ్బులొచ్చాయి, రెండు చోట్లా చెయ్యి కాలింది. మా ఆడపడుచు కొడుకు దగ్గర్నుంచి పక్కింటి టీచరుగారి దాకా "ఎక్కడ రాస్తే మంచిది?" అని అడుగుతున్నారు కాబట్టి ఒకసారి రాసి పెట్టేస్తే నాకూ చెప్పే పని తప్పుతుంది.

ముందు ఆ సైట్ల సంగతి. ఇది భూమి పాలికి చేసినట్టే. భూమి వాళ్ళది, చాకిరీ మనది, పంట పంచుకోవడం. హబ్‌పేజెస్ అని 2006లో మొదలైంది, దాని లెక్క మరీ అచ్చం అలాగే ఉండేది: మీ వ్యాసం వందసార్లు తెరిస్తే అరవైసార్లు కనిపించిన యాడ్స్ డబ్బు మీది, నలభైసార్లది సైట్‌ది. సర్వర్ ఖర్చు లేదు, డొమైన్ కొనక్కర్లేదు, యాడ్స్ ఎక్కడ పెట్టాలన్న తలనొప్పి లేదు. అన్నిటికంటే పెద్ద సుఖం ఏంటంటే అప్పటికే గూగుల్‌కి ఆ సైట్ తెలుసు, కాబట్టి ఊరూ పేరూ లేని నాలాంటిది రాసినా వెతికేవాళ్ళకి కనిపిస్తుంది. నా కళాయి వ్యాసానికి మూడో వారానికే చదివేవాళ్ళు మొదలయ్యారు. అదే తెలుగు బ్లాగు మొదలెట్టాక ఆరు నెలల పాటు దాన్ని చదివినవాళ్ళు ముగ్గురు: నేను, మా ఆయన, లింకు పంపితే మొహమాటానికి తెరిచిన మా మరదలు.

ఇంత సుఖంగా ఉంటే ఇంకేం అనుకుంటారు. పాలికి చేసే భూమిలో ఉన్న తంటాయే ఇక్కడా ఉంది, పక్క మడిలో తెగులు పుడితే మనకీ అంటుకుంటుంది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అని ఒక మార్పు తెచ్చింది. పసలేని వ్యాసాలు గుట్టలుగా పోసే సైట్లని కిందికి నెట్టడం దాని పని. నీ వ్యాసం బాగుందా లేదా అని ఒక్కోటి చూడలేదు, సైట్ మొత్తానికి దెబ్బ పడింది. హబ్‌పేజెస్ తిప్పలుపడి ఒక్కో రచయితకీ వేరే ఉప చిరునామా ఇచ్చింది, ఆ తర్వాత 2016 నుంచి మంచి వ్యాసాలు ఏరి తోటపనికి ఒకటి, పెంపుడు జంతువులకి ఒకటి అని విడి సైట్లుగా మార్చింది. అదింకా నయం. సేథ్ గోడిన్ అనే మార్కెటింగ్ రచయిత పెట్టిన స్క్విడూ కూడా ఇలాంటి సైటే, దాన్ని 2014లో హబ్‌పేజెస్సే కొనేసింది. అసోసియేటెడ్ కంటెంట్ అనే ఇంకో సైట్‌ని 2010లో యాహూ కొని, పేరు మార్చి, 2014లో మూసేసింది. గూగుల్ కూడా నోల్ అని ఇలాంటిదే 2008లో తెరిచి 2012లో తాళం వేసింది. గూగుల్ పెట్టిందే నాలుగేళ్ళు నిలవలేదంటే చూసుకోండి.

నేను రాసిన సైట్ కూడా మూతపడింది. పేరెందుకులెండి. ఫలానా తేదీ తర్వాత ఉండదు, మీ రాతలు మీరు తీసుకోండి అని మెయిల్ పంపారు, పద్ధతిగానే చేశారు. రాత కాపీ చేసుకున్నాను. ఫొటోలు ఫోన్లో ఉన్నాయిగా అనుకున్నాను. ఫోన్ చూస్తే అంతకు రెండు నెలల ముందే అంట్ల తొట్టిలో పడి చచ్చింది! ఆ ఫొటోలు మా వరండాలో తీసినవి. కళాయి ఆయన నేలలో చిన్న గొయ్యి తీసి, బొగ్గులేసి, తోలుతిత్తి ఊదుతూ గిన్నె ఎర్రగా కాల్చి, నవాసాగరం అనే ఉప్పులాంటి పొడి చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేచి, తగరం ముక్క తాటించి దూదితో గుండ్రంగా తుడిస్తే ఒక్క క్షణంలో గిన్నె లోపలంతా వెండిలా మెరిసే ఆ ఒక్క ఫొటో ఉంది చూడండి, దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. చదివినవాళ్ళు ఎక్కువమంది ఆ ఫొటో కోసమే వచ్చారని నా అనుమానం.

ఇక సొంత బ్లాగు. గూగుల్ వాళ్ళ బ్లాగ్‌స్పాట్‌లో ఊరికే తెరుచుకోవచ్చు, సొంత పేరు కావాలంటే డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. యాడ్స్ కోసం, గూగుల్ వాళ్ళే నడిపే యాడ్‌సెన్స్‌కి దరఖాస్తు చేసుకోవాలి. వాటా ఇక్కడ మెరుగు, వ్యాసాల పక్కన వచ్చే యాడ్స్‌లో 68 శాతం మనకి అని చాలా ఏళ్ళు లెక్క చెప్పేవారు, 2024లో లెక్కగట్టే తీరు మార్చారు గానీ చేతికొచ్చేది ఇంచుమించు అంతే. తెలుగు పేజీలకి యాడ్‌సెన్స్ ఒప్పుకున్నది 2018లో. హిందీకి 2014లోనే ఇచ్చారు. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి అనే సైట్ కిటకిటలాడిన రోజుల్లో, రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ రాత్రిళ్ళు కూర్చుని వ్యాఖ్యల్లో కొట్టుకున్న రోజుల్లో, పైసా రాలేదు. పైసలొచ్చే వేళకి జనమంతా ఫేస్‌బుక్‌కీ యూట్యూబ్‌కీ వెళ్ళిపోయారు. మన టైమింగ్ ఎప్పుడూ ఇంతే.

డబ్బు దగ్గరికొస్తే అసలు తేడా సైట్‌దా బ్లాగుదా అన్నదాంట్లో లేదు, భాషలో ఉంది. ఇది చాలామంది చెప్పరు. నా ఇంగ్లీషు వ్యాసం చదివినవాళ్ళలో సగం మంది అమెరికావాళ్ళు. వాళ్ళకి ఇత్తడి చారు గిన్నెల గొడవ తెలీదు గానీ, లోపల తగరం పూసిన రాగి పెనాలు, గిన్నెలు ఉంటాయి. వాటికీ ఇదే జబ్బు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోతే పూత చుక్కలు చుక్కలుగా కట్టి జారిపోతుంది, అది అజ్జరం గిన్నైనా ఫ్రెంచి గిన్నైనా ఒకటే. వంటసామాను అమ్మే కంపెనీలు అక్కడి పాఠకుడి కోసం పోటీపడి యాడ్ రేటు పెంచుతాయి. నాకు వెయ్యి వ్యూస్‌కి నాలుగు డాలర్ల దాకా పడింది. తెలుగు బ్లాగులో అదే విషయం, అంతకంటే బాగా రాశాను, వెయ్యి వ్యూస్‌కి ఒక్క డాలరు ఎప్పుడూ దాటలేదు. ఇవి నా ఖాతాలో అంకెలు, మీకు వేరుగా రావచ్చు. యాడ్‌సెన్స్ వంద డాలర్లు నిండితే గానీ పంపదు కదా, వెయ్యికి డాలరు చొప్పున లెక్కేసుకోండి, లక్ష వ్యూస్ కావాలి. కళాయి గురించి తెలుగులో లక్షమంది వెతుకుతారా? నాకు పద్నాలుగు నెలలు పట్టింది, అదీ పప్పు రాచ్చిప్ప, ఇనప మూకుడు, కంచు గ్లాసులు అన్నిటి గురించీ రాస్తే.

అందుకని ఇంగ్లీషులో తడుముకోకుండా రాయగలిగినవాళ్ళు ముందు సైట్‌లోనే మొదలెట్టడం మేలంటాను. తెలుగులో రాసేవాళ్ళకి ఆ తలుపు ఎలాగూ మూసే ఉంది. మీడియమ్ అనే సైట్ సంగతి అడుగుతారేమో, అందులో యాడ్సే ఉండవు, చందా కట్టిన సభ్యులు చదివినదాన్ని బట్టి ఇస్తారు, తెలుగు చదివే చందాదారులు ఎందరుంటారో మీరే చెప్పండి. ప్రతిలిపి కథలకీ సీరియళ్ళకీ బాగుంది, మా చెల్లెలు అందులో తెగ చదువుతుంది. అక్కడ నవాసాగరం గురించి రాస్తే ఎవడు చదువుతాడు?

చేతికొచ్చే దాకా పడే తిప్పలు కూడా చెప్పాలి. హబ్‌పేజెస్ పద్ధతి సులువు, యాభై డాలర్లు నిండితే పేపాల్‌కి వేసేవారు. పేపాల్ మన దగ్గర డబ్బు నిలవ ఉంచనివ్వదు, నేరుగా మన బ్యాంకుకి తోసేస్తుంది, రూపాయల్లోకి మార్చేటప్పుడు కొంత కొరుక్కుంటుంది. యాడ్‌సెన్స్‌కి పది డాలర్లు నిండగానే ఇంటికి పోస్టులో ఒక కవరు వస్తుంది, అందులో పిన్ నంబరు ఉంటుంది. నేను తెలివిగా డోర్ నంబరు రాయకుండా "రామాలయం ఎదురుగా" అని రాశాను. మా పేటలో రామాలయాలు రెండు. మొదటి కవరు రాలేదు, రెండోది రాలేదు, మూడోసారి డోర్ నంబరు రాస్తే వచ్చింది. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. పన్ను వివరాల ఫారం, పాన్ నంబరు సరేసరి. చివరికి నెల ఇరవై ఒకటికీ ఇరవై ఆరుకీ మధ్య డబ్బు పంపారు, అప్పుడు బ్యాంకు నుంచి ఫోన్.

"అమ్మా, అమెరికా నుంచి డబ్బులొచ్చాయి, పిల్లలు పంపారాండీ?"

"కాదు బాబూ, యాడ్స్ డబ్బులు."

"మీరు యాడ్స్‌లో చేస్తారాండీ?"

ఆ అబ్బాయి తప్పేం లేదు. విదేశీ డబ్బు ఎందుకొచ్చిందో కోడ్ రాసుకోవాలట, నన్ను ఏ కోడ్‌లో వేయాలో తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. ఛార్జీలు పోను ఏడు వేలకి పైన పడింది. దాంతో చిన్న బిందెకీ రెండు గిన్నెలకీ కళాయి పోయించాను, మిగిలింది దాచాను. ఏటా ఆదాయ పన్ను లెక్కలో ఇదీ చూపించాలి, చిన్నదే కదా అని వదిలెయ్యకండి.

ఇంకో మాట, మా ఆడపడుచు కొడుకు లాంటివాళ్ళ కోసం. వాడు బ్లాగు పెట్టి, యాడ్స్ వచ్చిన మొదటి రోజే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "అందరూ రోజుకి రెండుసార్లు యాడ్ నొక్కండి ప్లీజ్" అని పెట్టాడు. పెద్దవాళ్ళందరూ ప్రేమతో నొక్కారు, మా అత్తగారైతే పదేసిసార్లు. వారం తిరక్కుండా ఖాతా ఎగిరిపోయింది. అది వాడి స్వయంకృతం, రూల్స్‌లో స్పష్టంగా రాసే ఉంటుంది. సైట్‌లో రాస్తే ఈ గండం తక్కువ, యాడ్స్ ఖాతా వాళ్ళదే కాబట్టి కాపలా వాళ్ళే చూసుకుంటారు. కుర్రాళ్ళకి నేను సైట్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో చిక్కుంది. గూగుల్లో ఏదడిగినా పైన ఏఐ జవాబు వచ్చేస్తోంది, అమెరికాలో 2024 మే నుంచి, మన దగ్గర అదే ఏడాది ఆగస్టు నుంచి. తగరం ఎన్ని డిగ్రీలకి కరుగుతుందో తెలుసుకోవడానికి నా పేజీకి ఎవరూ రావట్లేదు, అక్కడే చదివేసి పోతున్నారు. వచ్చేవాళ్ళంతా "మా గిన్నె అడుగున నల్లటి మచ్చ వచ్చింది, ఫొటో పెడుతున్నా, ఇది కళాయి పోవడమేనా మాడా?" అని అడిగే రకం. ఈ రకం జనం పోగయ్యేది సొంత బ్లాగులోనే, ఎందుకంటే అడిగితే నేను జవాబిస్తానని వాళ్ళకి తెలుసు, మళ్ళీ వస్తారు, వియ్యపురాలిని కూడా తీసుకొస్తారు. సైట్‌లో ఉన్నప్పుడు గూగుల్ పంపినవాళ్ళు చదివి వెళ్ళిపోయేవారు, రాసింది ఎవరో కూడా చూసుకునేవారు కాదు.

నా మటుకు నేను పాత ఇంగ్లీషు వ్యాసాన్ని కూడా సొంత చోటికే తెచ్చుకున్నాను. మొదట్లో వ్యూస్ సగానికి సగం పడిపోయాయి, ఏడాదికి కాస్త తేరుకున్నాయి, పాత స్థాయికి మాత్రం రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే మొదటి ఏడాది సైట్‌లో నాలుగైదు వ్యాసాలు రాసి, ఏ మాటలు వెతుక్కుంటూ జనం వస్తున్నారో వాళ్ళ లెక్కల్లో చూసుకుని, రెండో ఏడాదికి మంచివి సొంత బ్లాగులో రాసుకునేదాన్ని. తెలుగులోనే రాస్తాననేవాళ్ళకి ఈ ముందూ వెనకా ఏం లేదు, నేరుగా బ్లాగే, కాకపోతే దాని మీద కరెంటు బిల్లు కడదామని కూర్చోకండి.

కళాయి ఆయన్ని మొన్న సంతలో కలిశాను. దసరా ముందు వస్తానన్నాడు. ఈసారి ఫొటోలు తీయడానికి మా ఆడపడుచు కొడుకుని పురమాయించాను. తీసినవి తీసినట్టు రెండు చోట్ల దాచి, ఆ తర్వాతే భోజనం పెడతానని చెప్పాను.